ఇతరములు

“బస్సెక్కేవాళ్ళని లెక్కపెట్టడానికి ఇంజనీరింగ్ చదవాలా?” అన్నాడు భర్త లస్సాద్, బూట్ల లేసులు కట్టుకుంటూ.

నవ్వుతూనే అన్నాడు. సోందుస్ కూడా నవ్వేసింది. మిరపకాయలు వేయించిన పెనం కడిగి, కూతురు రీమ్‌కి జడ వేసి, అత్తగారి మోకాలి మాత్రలు మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, అప్పుడు వెతుక్కుంది తన సంచీ. ముప్పై రెండేళ్ళ వయసులో, పెళ్ళప్పుడు ఆపేసిన చదువు మళ్ళీ అందుకుని సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడాదికి వచ్చింది. వేసవిలో నాలుగు వారాలు ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చేసి, అక్కడి ఇంజనీరు చేత సంతకం పెట్టించుకుంటేనే పై తరగతికి పంపిస్తారు. తోటి కుర్రాళ్ళందరికీ వంతెనల దగ్గరా భవనాల దగ్గరా చోటు దొరికింది. ఆమె వెళ్ళిన చోటల్లా “బిడ్డ తల్లివి, ఈ ఎండలో నీకెందుకమ్మా” అన్నారు. చివరికి తాముండే ట్యునీషియా రేవుపట్నం స్ఫాక్స్‌లోనే, నగర ప్రణాళికలు వేసే ఒక చిన్న సంస్థ రమ్మంది. మొదటి వారమంతా జిరాక్సులు తీసింది, సమావేశాలకి కాఫీ కలిపింది. కాఫీ బాగుందని ఇంజనీరు మోంగీ అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ నాలుగు వారాల్లో ఆమెకి దక్కిన మెప్పు అదొక్కటే.

రెండో వారం ఒక అట్టా, కాగితాల కట్టా ఇచ్చి బస్టాపుకి పంపారు. తొమ్మిదో నంబరు బస్సుని శివార్ల నుంచి నేరుగా ఫ్యాక్టరీల వైపు పోనిస్తే పావుగంట కలిసొస్తుందట, మధ్యలో ఆసుపత్రి స్టాపూ చేపల మార్కెట్టు స్టాపూ ఎత్తేస్తే సరిపోతుందట. ఎక్కేవాళ్ళు ఎందుకు ఎక్కుతున్నారో అడిగి గీతలు గీయాలి. కాగితం మీద మూడే గళ్ళు: ఉద్యోగం, చదువు, ఇతరములు.

పదకొండు గంటలయ్యేసరికి మూడో గడి నిండిపోయి గీతలు అంచు దాటాయి. సోందుస్ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది. ఎవరీ ఇతరములు? తొలి రెండు గళ్ళలోని వాళ్ళకి ఒక పేరుంది, వెళ్ళే చోటుంది. వీళ్ళు మాత్రం ఊరికే గాలికి తిరుగుతున్నట్టు. కానీ ఆ గీతల్లో సగానికి పైగా ఆడవాళ్ళే, ఒక్కరి చేతులూ ఖాళీగా లేవు. తెలుసుకోవాలనిపించింది. అడగమన్న ప్రశ్న అయ్యాక తనది ఇంకొకటి కలిపి అడగడం మొదలుపెట్టింది.

నజియా అలా దొరికింది. యాభై ఏళ్ళుంటాయి. రెండు బుట్టలు పట్టుకుని నిలబడింది. ఏ పని మీద వెళ్తున్నావు ఖాల్తీ అని, పిన్నిని పిలిచినట్టు పిలిచి అడిగితే, “పనేముందమ్మా, ఊరికే తిరుగుతున్నా” అంది. గంటన్నర తర్వాత మళ్ళీ అదే స్టాపులో కనిపించింది, మధ్యాహ్నం ఇంకోసారి.

“ఊరికే తిరగడం ఇది మూడోసారి, ఖాల్తీ” అంది సోందుస్.

నజియా పకపకా నవ్వి, బుట్టలు కింద పెట్టి చెప్పుకొచ్చింది. పొద్దున్నే కూతురి పిల్లలకి అన్నం ఇచ్చి రావడం, మామగారికి రక్తపరీక్ష, ఆ కాగితం పట్టుకుని ఇంకో చోటికి, అక్కణ్ణుంచి చేపలు. ఇప్పుడు వెళ్ళేది రెండు ఆఫీసులు తుడవడానికి. అదొక్కటే ఉద్యోగం గడిలోకి వస్తుందని సోందుస్‌కి ఆ క్షణంలో తట్టింది. “ఇవన్నీ కూడా రాస్తారా? ఎవరు చదువుతారమ్మా?” అని అడిగింది నజియా. సోందుస్ పెన్ను తీసింది. కాగితం తిరగేసి, నజియా దారిని గీతలుగా గీసింది. మగవాళ్ళ దారి బిగించి కట్టిన దండెంలా ఉండేది, ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి. నజియాది కోడి గీరినట్టుంది. కానీ ప్రతి మలుపు దగ్గరా ఒక మనిషి ఎదురుచూస్తూ ఉన్నాడు. మర్నాటి నుంచి రోజుకి నాలుగైదు పటాలు పోగయ్యాయి. రాత్రి కళ్ళు మూసుకున్నా అవే గీతలు.

ఇళ్ళలో నింపించే ఫారం కూడా ఉండేది. సరిగ్గా అర్థమవుతోందో లేదో చూద్దామని ఒకటి ఇంటికి తెచ్చి లస్సాద్‌కి ఇచ్చింది. అతను ఎవరినీ ఏమీ అడగకుండా రెండు నిమిషాల్లో పూర్తి చేశాడు. తనకి ఉద్యోగం, రెండు ప్రయాణాలు. భార్యకి ఇతరములు, రెండు. తల్లికి సున్నా. సోందుస్ తన గడి వైపు చూస్తూ ఉండిపోయింది. తప్పు రాయాలని రాయలేదు అతను. అలా తోచింది, అలా రాశాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంతలో అత్తగారు దలందా ఆ కాగితం ఇలా ఇవ్వమంది. ఈ వయసులో నీకు చదువేమిటని ఏడాదిగా సణుగుతున్న మనిషి. కళ్ళజోడు పెట్టుకుని చదివి, “ఈ సున్నా ఏమిట్రా?” అంది.

“నువ్వెక్కడికి వెళ్తావమ్మా?”

“రొట్టెలు నీ బల్ల మీదికి నడిచి వస్తున్నాయా? నీ కూతుర్ని ఈత నేర్పే చోట దింపేది ఎవరు? ఆపరేషనైన మా చెల్లెలికి అన్నం ఎవరు తీసుకెళ్తున్నారు? మోకాలు నొక్కించుకోవడానికి వారానికి రెండుసార్లు నీ పెళ్ళాంతో వెళ్ళేది నేను కాదా?” కాగితం కోడలి ముందుకి తోసింది. “కొట్టెయ్ ఆ సున్నా.”

చివరి వారంలో సోందుస్ పట్టిక తయారుచేసింది. అందులో ఇతరములు గడి దాదాపు ఖాళీ. చేపలూ, మందులూ, పిల్లలూ, ముసలివాళ్ళూ అన్నీ ‘పని’ కిందికే వచ్చాయి. మోంగీ చూసి, చేపలు కొనడాన్ని పని కింద రాశావేమని అడిగాడు. పనే కదా సార్ అంది. ఆయన చెడ్డవాడేం కాదు. నువ్వన్నదాంట్లో తప్పు లేదు, కానీ గళ్ళు మనవి కావు, పని ఇచ్చినవాళ్ళవి, గురువారానికి పాత పద్ధతిలో తెస్తేనే సంతకం అన్నాడు.

గడువు దాకా ఉన్న రెండు రోజులూ ఆమె మథనపడింది. సంతకం రాకపోతే ఒక ఏడాది పోతుంది. ఇంట్లో ఆ ఏడాదిని ఇంకోసారి అడిగి తీసుకోవాలి. గురువారం పాత పద్ధతిలో పట్టిక చేసి, దాని వెనక నలభై ఆరు పటాలూ కుట్టి ఇచ్చింది.

“ఈ పటాలు తీసేస్తే నా పేరు కూడా తీసేయండి సార్. వచ్చే వేసవికి ఇంకోచోట చేసుకుంటాను” అంది.

మోంగీ పేజీలు తిప్పాడు. ఒక పటం దగ్గర ఆగి ఈ చుక్క ఏమిటన్నాడు, ఆమె చెప్పింది. ఇంకో పటం దగ్గర ఆగాడు, మళ్ళీ చెప్పింది. కాఫీ ఎవరూ తేలేదు. చివరికి ఏమీ తీసేయకుండానే సంతకం పెట్టాడు. అభిప్రాయం రాసే చోట, ‘చెప్పింది చెప్పినట్టు చేయదు’ అని రాశాడు. స్టాపులు ఉంటాయో పోతాయో సెప్టెంబరు దాకా ఎవరికీ తెలియదన్నాడు.

ఇంటికి వచ్చేసరికి లస్సాద్ సోఫాలో నడుం వాల్చి ఉన్నాడు. వేసవిలో పోర్టు ఆఫీసుకి ఒంటిపూట, రెండింటికల్లా ఇంట్లో ఉంటాడు. సంతకం అయిందంటే సంతోషించాడు. హమ్మయ్య, ఇక ఇంటి పట్టునే ఉంటావు కదా, రేపు నాలుగింటికి అమ్మని మోకాలి వైద్యానికి తీసుకెళ్ళు అన్నాడు.

“రేపు నువ్వు తీసుకెళ్ళు. నేను రోజంతా నజియాతో తిరుగుతున్నాను. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఆ దారుల మీదే చేస్తున్నాను” అంది సోందుస్.

మోటారు సైకిల్ మీద అమ్మ కూర్చోలేదని గుర్తు చేశాడు. బస్సులో వెళ్ళొచ్చని ఆమె చెప్పింది. లస్సాద్ తల్లి వైపు చూశాడు. దలందా టీవీ మీంచి చూపు తిప్పలేదు.

“ఎక్కడ దిగాలి?” అన్నాడు చివరికి.

పదేళ్ళ కాపురంలో అతను ఆమెని దారి అడగడం అదే మొదలు. సోందుస్ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

“ముందు ఎక్కడ ఎక్కాలో చెప్తాను” అంది.