నాలుగో ప్రతివాది

"వేలు కడగవే" అనేది మా అత్తగారు, మంచం పట్టిన ఆ మూడేళ్ళూ.

పొద్దున్నే నేను పనికి వెళ్ళే ముందు ఆవిడకి ఒళ్ళు తుడిచి, చీర మార్చి, తల దువ్వేదాన్ని. అంతా అయ్యాక ఎడమచెయ్యి చాపి, బొటనవేలు ఒక్కటే ఎత్తి నా ముఖం ముందు పెట్టేది. "ఇంకా నల్లగానే ఉంది చూడు. కడుగు." వేలు శుభ్రంగానే ఉండేది. నీళ్ళలో నానీ నానీ చర్మం ముడతలు పడిపోయింది కూడా. ఆ వేలు నాకు నా వేలికన్నా బాగా తెలుసు, గోళ్ళు తీసేది నేనే కాబట్టి. కండ మధ్యలో నెలవంకలాంటి తెల్లటి గాటు. చిన్నప్పుడు కత్తితో తెగిందని చెప్పేది. సబ్బు రుద్ది, తువ్వాలుతో తుడిచి, "పోయింది అత్తయ్యా" అనేదాన్ని. రెండు నిమిషాలు ఊరుకుని మళ్ళీ చాపేది. "అమ్మకి మతి పోయింది, నువ్వు పట్టించుకోకు వదినా" అనేవాడు మా మరిది, గుమ్మం దాటి లోపలికి రాకుండానే. ఆవిడ పోయిన రోజున మిగతా వేళ్ళన్నీ ముడుచుకుపోయాయి. ఆ ఒక్కటీ ముడుచుకోలేదు.

అది జరిగి నాలుగేళ్ళు. ఇప్పటికీ గిన్నెలు తోముతున్నప్పుడు నా పక్కన ఎవరో చెయ్యి చాపినట్టు అనిపించి జరిగి చోటిస్తుంటాను.

నేను హైకోర్టులో ఊడుస్తాను. మా ఆయన నీళ్ళ ఆఫీసులో అటెండరు. ఉద్యోగంలో ఉండగానే గుండె ఆగి పోయాడు. అప్పటికి నాకు ముప్పై ఒకటి. పిల్లల్లేరు. మా అమ్మకి బాగోలేదని ఏడాది పాటు పుట్టింట్లో ఉండి తిరిగొచ్చేసరికి ఆఫీసులో ఆయన బల్ల మీద మా మరిది కూర్చుని ఉన్నాడు. "చదువు రాని ఆడవాళ్ళకి ఆఫీసులో ఉద్యోగం ఇవ్వరట వదినా. బయటివాళ్ళకి పోకుండా మనింట్లోనే ఉంది, అంతే చాలు" అన్నాడు. నేనూ నమ్మాను. నమ్మడం అంటే పెద్దగా ఆలోచించి చేసిన పని కాదు. ఆ పూట కూడా వంట నాదే కాబట్టి లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించాను. తర్వాత కోర్టులో కాంట్రాక్టరు కింద పని దొరికిందంటే, "ఇంటి పని ముందు ముగించుకుని వెళ్తే నాకేం అభ్యంతరం" అన్నాడు. అభ్యంతరం అనే మాట అతనికి బాగా అలవాటు. అది ఎక్కడి మాటో చాలాకాలం నాకు తెలియలేదు.

ఇరవై రెండేళ్ళలో కోర్టులో నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు. ఊడ్చే ఆవిడని. అంతే. కానీ అక్కడ పేర్లకి కొదవ లేదు. బంట్రోతు వరండాలోకి వచ్చి ఒక్కో పేరూ మూడుసార్లు గట్టిగా పిలుస్తాడు. మూడుసార్లకీ పలకకపోతే ఆ మనిషి లేనట్టే. ఒకసారి నా పేరే పిలిచాడు. పిలిచింది అదే పేరున్న వేరే ఆవిడని, నాకు తెలుసు, అయినా నోరు దానంతటదే "ఆఁ" అంది. వకీళ్ళు తిరిగి చూశారు. "ఏంటమ్మా, చీపురు మీద కేసేశావా?" అన్నాడొకాయన. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నమంతా మాత్రం ఎక్కడో నన్ను పిలుస్తున్నారనీ, నాకు బదులు ఇంకెవరో పలుకుతున్నారనీ ఒకటే గుబులు.

పాత కాగితాల గది కోర్టు కింద, నేలమాళిగలో ఉంటుంది. ముగిసిపోయిన కేసులన్నీ ఎర్రగుడ్డల్లో కట్టలై అక్కడికి దిగుతాయి. ఒక వరసలో ఆస్తుల గొడవలు, ఒక వరసలో హత్యలు, ఒక వరసలో ఉద్యోగాల తగాదాలు. ఆ గది చూసుకునే ఆవిడని అందరూ కళ్ళజోడమ్మ అంటారు. నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే, ప్రేమతో కాదు, విసుగుతో. "అమ్మా తల్లీ, దుమ్ము దులిపి హత్యల్ని తీసుకెళ్ళి ఆస్తుల్లో పెడుతున్నావు. అంకెలన్నా నేర్చుకో, నా ప్రాణం తీయకు" అంది. రోజూ కోర్టు గుమ్మాలకి అతికించే కేసుల జాబితాలు సాయంత్రం నేనే పీకేస్తాను. వాటి వెనక వైపు తెల్లగా ఉంటుంది. భోజనాల వేళ వాటి మీద దిద్దించింది. అంకెలయ్యాక నేనే ఆపలేదు. యాభై దాటాక చదువొస్తే ఎలా ఉంటుందంటే, అన్నాళ్ళూ ఊరుకున్న గోడలన్నీ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెడతాయి. రోడ్డు మీద నడుస్తుంటే చెవులు మూసుకోవాలనిపించేది.

గదిలో ఒంటరిగా ఊడవాల్సి వస్తే హత్యల వరస నాకు భయం. ఆ వైపు వీపు పెట్టేదాన్ని కాదు. ఉద్యోగాల వరసకి ఆనుకుని నిలబడి ఊపిరి తీసుకునేదాన్ని. అక్కడ భయపడాల్సింది ఏముంటుంది?

మొన్న సోమవారం, గడువు దాటిన కట్టల్ని ఏరే పని పెట్టుకున్నాం. కళ్ళజోడమ్మ పుస్తకంలో నంబరు చదువుతుంది, నేను నిచ్చెనెక్కి కట్ట దింపుతాను. తీర్పు కాగితాలు మాత్రం ఉంచి, మిగతావన్నీ లారీకెక్కించి ముక్కలు చేయించేస్తారు. ఉద్యోగాల వరసలో, నేను రోజూ ఆనుకునే చోటే, సరిగ్గా నా భుజం ఎత్తులో ఉన్న కట్ట దింపాను. పైన చీటీ మీద మా ఇంటిపేరు. దాని పక్కన మా మరిది పేరు.

విప్పాను. చాలా కాగితాలు నాకు రాని భాషలో ఉన్నాయి. ఒక్కటి మాత్రం మన భాషలో ఉంది. చదువు రానివాళ్ళు ప్రమాణం చేస్తే అది వాళ్ళ భాషలోనే రాయాలట. వేలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కున్నాను.

"నేను, కీర్తిశేషులైన ఫలానా వారి భార్యను, వయస్సు ముప్పై ఒకటి, ఈ కేసులో నాలుగో ప్రతివాదిని, ప్రమాణపూర్వకముగా తెలియజేయునదేమనగా..."

మా ఆయన పేరు. మా తలుపు నంబరు. నా వయసు. "నేను బయటకు వెళ్ళి పనిచేయు అలవాటు లేనిదానను. నా భర్త ఉద్యోగము నా మరిదికి ఇచ్చుటకు నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. అతడు నన్ను జీవితాంతము పోషించును. ఇది ఎవరి ఒత్తిడీ లేకుండా నా ఇష్టపూర్వకముగా చెప్పుచున్నాను."

'నేను' అని ఉన్న చోటల్లా ఆగాను. ఎవరీమె? నా పేరు పెట్టుకుని, నా మొగుణ్ణి మొగుడంటూ, నేను ఏనాడూ మాట్లాడని భాషలో ఇంత నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడుతోంది. ఇన్నేళ్ళూ నేను పైన ఊడుస్తుంటే నా కాళ్ళ కింద కూర్చుని ఉంది. నాకు జుట్టు నెరిసింది, మోకాళ్ళు పట్టేశాయి. ఆమెకి ఇంకా ముప్పై ఒకటే. నేను ఆనుకుని ఊపిరి తీసుకున్నది ఆమె వీపుకే.

కింద వేలిముద్ర ఉంది. ఒకవేళ నేనే వేశానేమో అనుకున్నాను. ఆయన పోయిన రోజుల్లో ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేశాను కదా, ఆస్పత్రిలో, ఆఫీసులో. కాగితాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళాను. నల్లటి ముద్ర మధ్యలో, సిరా అంటని చోట, తెల్లగా నెలవంక.

వేలు కడగవే.

నిచ్చెన పట్టుకున్నాను. ముద్ర పక్కన "ఈమెను నేనెరుగుదును" అని మా మరిది సంతకం. అవును, ఎరుగును. కన్నతల్లి కదా.

కళ్ళజోడమ్మ కళ్ళజోడు తుడుచుకుని మిగతా కాగితాలు చదివి చెప్పింది. ఉద్యోగం ముందు నాకే ఇవ్వాలని ఆఫీసు పట్టుబట్టిందట. మొదటి హక్కు భార్యది, పెద్ద చదువేం అవసరం లేదు, వచ్చి చేరమని నా పేరు మీద ఉత్తరం కూడా రాసిందట. ఆ ఉత్తరం ఎవరి చేతికి వచ్చి ఉంటుందో అడగక్కర్లేదు. మా మరిది ఆఫీసు మీద కేసు వేసి, నన్నూ అందులో ప్రతివాదిగా చేర్చాడు.

"జడ్జిగారు ఆవిడ ముఖం చూడలేదా?" అన్నాను.

"మనుషుల్ని బోనెక్కించి అడిగేది కింది కోర్టుల్లోనే. ఇక్కడ ఇలాంటి కేసుల్లో కాగితమే మాట్లాడుతుంది. కాగితం అభ్యంతరం లేదంది, ఆయన సరేనన్నారు. తీర్పు ఒకటిన్నర పేజీ." తర్వాత గొంతు తగ్గించి అంది, "శుక్రవారం లారీ వస్తుంది. తీర్పు ఒక్కటే ఉంటుంది, ఈ వేలిముద్ర ఉండదు. ఈలోగా నువ్వు అర్జీ పెడితే కట్ట ఆపుతాను. లేదంటే నా చేతుల్లో ఏం లేదు."

"పెడితే?"

"పెడితే ఆ ఇంట్లో నీకు చోటుండదు. అది కూడా నేనే చెప్పాలా?"

ఆ రాత్రి భోజనాల దగ్గర వడ్డిస్తూ, ఊరికే అడిగినట్టు అడిగాను. "అత్తయ్య ఎప్పుడైనా కోర్టుకి వెళ్ళిందా?"

మా మరిది ముద్ద మింగి నీళ్ళు తాగాడు. "అమ్మా? కోర్టుకా? వీధి చివర దాకా కూడా వెళ్ళేది కాదు."

"అదేంటండీ, ఒకసారి మీరే తీసుకెళ్ళారుగా" అంది తోటికోడలు. "నేను కాపురానికొచ్చిన కొత్తల్లో, అక్కయ్య పుట్టింట్లో ఉన్నప్పుడు. వేలికి సిరా పూసుకునొచ్చి బకెట్టు నీళ్ళు ఖాళీ చేసింది."

"అది ఓటు సిరా."

"ఓటు సిరా బొటనవేలికి పూస్తారేంటండీ, చోద్యం కాకపోతే."

తోటికోడలు ఒకసారి అతని వైపు, ఒకసారి నా వైపు చూసి, ఉప్పు తెస్తానని లేచింది. ఉప్పు బల్ల మీదే ఉంది.

"ఈ మధ్య ఏవేవో చదువుతున్నట్టున్నావు వదినా" అన్నాడు చివరికి. "ఈ వయసులో కళ్ళకి మంచిది కాదు. అయినా నీకేం తక్కువైందిప్పుడు? జీవితాంతం పోషిస్తానని చెప్పానా లేదా?"

చెప్పాడు. నాతో కాదు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా నాతో అనలేదు. ఆ కాగితంలో ఉన్న ఆమెతో అన్నాడు. పోషణ కూడా ఆమెకే దక్కి ఉంటుంది. ఆమె తరఫున వండింది, తోమింది, ఎత్తిపోసింది నేను.

గిన్నెలు ముందేసుకుని కూర్చున్నాను. పక్కన చెయ్యి చాపినట్టయింది. ఈసారి జరగలేదు. అత్తగారి మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. కొడుకు "ఇక్కడ వెయ్యమ్మా" అని ఉంటాడు, వేసి ఉంటుంది, అక్కడేం రాసుందో ఆవిడకి మాత్రం ఏం తెలుసు అనుకోబోయాను. కానీ తెలుసు. తెలియకపోతే కడగమని అడిగేది కాదు. నేను కాఫీ తెచ్చిస్తే కుడిచేత్తోనే అందుకుని ఎడమచెయ్యి కొంగు కింద దాచుకునేది. మతి మొత్తం పోయాక కూడా ఆ రెండు ముక్కలు మిగుల్చుకుంది. తనకి చేతనైనంతలో వాంగ్మూలం ఇస్తూనే ఉంది. సబ్బు తెచ్చి దాన్ని చెరిపేస్తూ వచ్చింది నేనే.

గురువారం మధ్యాహ్నం, చీపురు మూలన పెట్టి, పై అంతస్తులో పేదవాళ్ళకి ఉచితంగా కేసులు రాసిపెట్టే గదికి వెళ్ళాను. ఆ వరండా వేలసార్లు ఊడ్చాను గానీ ఆ గుమ్మం లోపల కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. వకీలమ్మ నా చీర అంచుకి అంటిన దుమ్ము చూసి, ఏమీ అడగకుండానే సిరా డబ్బా మూత తీసి నా వైపు జరిపింది.

"పెన్ను ఇవ్వండి" అన్నాను.

ఆవిడ విషయమంతా విని, కళ్ళజోడమ్మ తీసిచ్చిన నకలు చూసి, నిట్టూర్చింది. "ఇరవై రెండేళ్ళు దాటిందమ్మా. గెలుస్తామని మాటివ్వలేను. అసలు జడ్జిగారు కట్ట విప్పాలంటేనే ముందు ఇంత ఆలస్యం ఎందుకైందో చెప్పుకోవాలి. ప్రతి రోజుకీ కారణం అడుగుతారు."

"ప్రతి రోజుకీ చెప్పగలను."

"మీ మాటల్లోనే రాయండి, చక్కగా నేను తర్వాత రాస్తాను. క్లుప్తంగా, అమ్మా. ఈ ఫారంలో గడి చిన్నది."

పైన మొదట నా పేరు రాశాను. దాని పక్కన నాలుగో ప్రతివాది అని రాశాను. బయట వరండాలో బంట్రోతు ఎవరి పేరో రెండోసారి పిలుస్తున్నాడు. ఆలస్యానికి కారణం అని ఉన్న గడి దగ్గరికి వచ్చి, ఎడమచేత్తో కాగితం కదలకుండా పట్టుకుని, ఒత్తులూ దీర్ఘాలూ రెండుసార్లు సరిచూసుకుంటూ రాశాను:

"ఇంతకాలం మా అత్తగారి వేలు కడుగుతూ ఉన్నాను. ఆ నలుపు నా పేరని సోమవారం నాడు చదివాను."