గెడ్డపేటలో రాజుగారి ముఖం

నేను ఒక రాజుగారి ముఖాన్ని వందేళ్ళకు పైగా మోస్తున్న వెండి రూపాయిని. ఆ రాజుగారిని నేను ఎన్నడూ చూడలేదు. ఆయనా నన్ను చూసి ఉండడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగియబోతున్న రోజుల్లో, బొంబాయి టంకశాలలో, ఒక్క దెబ్బతో నాకు కిరీటం, గడ్డం, రాజవస్త్రం అన్నీ వచ్చేశాయి. మనుషుల్లో ఒకడు రాజు కావాలంటే ముందు తండ్రి పోవాలి, తర్వాత పట్టాభిషేకం జరగాలి. మాకైతే అచ్చు మీద పడితే చాలు.

నాకు ముందు పుట్టిన మా అన్నల సంగతి ఒకటి టంకశాలలో చెప్పుకునేవారు. రాజుగారి వస్త్రం మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. మా అన్నల మీద దాని తొండం పొట్టిగా పడింది. అది ఏనుగు కాదు, పంది అని జనం గగ్గోలు పెట్టారు. సర్కారు ఆ నాణేలను వెనక్కి రప్పించి, తొండం పొడుగు చేసి మళ్ళీ అచ్చు వేసింది. ఇంత గొడవలోనూ రాజుగారి ముఖం ఆయనలా ఉందా లేదా అని అడిగినవాడు ఒక్కడూ లేడట.

ఈ అనుభవం నాకూ తొందరగానే అయింది. నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ రాజుగారి ముఖం చూసి నమ్మలేదు. రాతి మీద వేసి, మోత విని నమ్మాడు. కంసాలి కొట్టులో కొన్నాళ్ళు నన్ను తులం బరువుకు తూకపురాయిగా వాడారు. ఒక పళ్ళెంలో ఎవరిదో ముక్కుపుడక, ఇంకో పళ్ళెంలో సముద్రాలను ఏలే చక్రవర్తి. ముక్కుపుడక బరువు తక్కువే అనుకోండి, కానీ కంసాలి కన్ను మాత్రం దాని మీదే ఉండేది.

కలకత్తా జనపనార మిల్లులో పనిచేసే ఒకాయన నడుముకు చుట్టుకున్న గుడ్డలో నేను విజయనగరం వైపు వచ్చాను. ఆయన ఊరు గెడ్డపేట. ఊరికీ శ్మశానానికీ మధ్య ఒక గెడ్డ పారుతుంది. వాగునే అక్కడివాళ్ళు గెడ్డ అంటారు. స్వాతంత్ర్యం వచ్చింది, రూపాయి మీద రాజుగారు పోయి సింహాలు వచ్చాయి, నన్ను అంగట్లో ఎవరూ తీసుకోవడం మానేశారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. కానీ గెడ్డపేట వాళ్ళు నాకు ఇంకో ఉద్యోగం ఇచ్చారు.

అక్కడ మనిషి పోతే నుదుట పసుపు ముద్దతో రూపాయి బిళ్ళ అంటిస్తారు. చిన్న బిళ్ళ పెడితే బాగుండదని, ఊళ్ళో ఎవరు పోయినా నన్నే అడిగి తీసుకుపోయేవారు. చితికి నిప్పు పెట్టే ముందు తీసి, గెడ్డలో కడిగి, నన్ను ఇంటికి తెచ్చి అప్పజెప్పేవారు. ఆ మిల్లు మనిషి మనవరాలు సన్యాసమ్మ ఇంట్లో ఒక తగరపు డబ్బాలో నా కాపురం. ఆమె మేనల్లుడు ఓడల మీద పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా ఆ డబ్బాలో దేశదేశాల చిల్లర పడేసిపోయేవాడు. అందులో ఒకే రాణిగారి నాణేలు రెండు ఉండేవి. ఒకదాని మీద పాతికేళ్ళ పిల్ల, ఇంకోదాని మీద డెబ్బై ఏళ్ళ ముసలావిడ. ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్టే ఉండేవారు. ఇంకొకాయన గుండె నిండా పతకాలు పెట్టుకున్న సైనిక నాయకుడు. "మా దేశంలో నా విగ్రహాలన్నీ కూలగొట్టేశారు. చిల్లర ఏరడం మాత్రం మరిచిపోయారు" అని ఆయనే ఒకసారి చెప్పుకున్నాడు. మా అందరిలో పని ఉన్నది నా ఒక్కడికే. వాళ్ళకది చిన్నతనంగా ఉండేదనుకుంటాను.

ఆ పనిలోనే నేను పైడమ్మను ఎరుగుదును. ఊళ్ళో ఆశా కార్యకర్త, నలభై ఏళ్ళ మనిషి. ఒక శ్రావణమాసంలో ఆమె అత్త రవణమ్మ పోయింది. గెడ్డ రొమ్ము లోతున పారుతోంది. నడి గెడ్డలో మోసేవాడి కాలు జారి పాడె ఒక పక్కకు ఒరిగింది. రవణమ్మ సగం నీళ్ళలో మునిగింది, నేను పూర్తిగా మునిగాను. వాళ్ళు పాడెను ఒడ్డున దించి, అరగంట సేపు నా కోసం వెతికారు. ఎవరి కాలివేళ్ళ మధ్యో దొరికాను. "దొరికేసిందిరా!" అని కేకలు. ఇవతలి ఒడ్డున నిలబడ్డ పైడమ్మ అరిచింది.

"రూపాయి దొరికింది, సరే. మనిసి మునిగిపోనాదే, అది ఒక్కడికైనా పట్టిందేటి?"

గెడ్డ మీద కల్వర్టు కట్టించాలని ఆమె పట్టుబట్టింది ఆ రోజు నుంచే. అయితే కల్వర్టు కడితే దారి లక్షుంనాయుడి జీడితోట అంచు నుంచి పోవాలి. అతను రెండుసార్లు సర్పంచిగా చేసినవాడు. పైడమ్మకు వరసకు బావ.

"గెడ్డ దాటడానికి శవానికి లేని ఇబ్బంది నీకేటే?" అన్నాడతను.

దాంతో పైడమ్మ అతని మీద సర్పంచికి పోటీ చేసింది. గెలిస్తే కల్వర్టు, ఓడితే మళ్ళీ ఐదేళ్ళు ఆ నీళ్ళే. ఊళ్ళో అందరికీ తెలిసిన లెక్క అది.

లెక్కింపు ఊరి స్కూలు గదిలో జరిగింది. చెరో నాలుగు వందల పదహారు ఓట్లు. రెండుసార్లు మళ్ళీ లెక్కపెట్టినా అంతే. నాణెం ఎగరేసి తేల్చుదామని ఎన్నికల అధికారి అంటే ఇద్దరూ ఒప్పుకున్నారు.

"ఎవరి దగ్గరైనా ఒక నాణెం ఉందా?" అని అడిగాడు అధికారి.

పదిమంది జేబులు తడుముకున్నారు. పది ఫోన్లు బయటికి వచ్చాయి. నాణెం ఒక్కటీ లేదు. కిరాణాకొట్టు అప్పారావు కూడా చేతులెత్తేశాడు. "అందరూ స్కాన్ కొట్టేత్తన్నారు కదండీ, సిల్లర ఎవుడు ఉంచుకుంటాడు?"

వరండాలో కూర్చున్న సన్యాసమ్మ కొంగుముడి విప్పింది. నేను ఇంకా డబ్బాకు చేరలేదు. "నాకాడ ఉంది బావూ" అని నన్ను లోపలికి పంపింది.

అధికారి నన్ను అటూ ఇటూ తిప్పి, "ఇది చెల్లదు కదమ్మా" అన్నాడు.

"సెల్లకపోతే ఏటి? ఎగరేత్తే కిందపడదేటి?"

గది గొల్లుమంది. లక్షుంనాయుడు నన్ను అందుకుని కిరీటం చూశాడు. ముఖం వికసించింది. "రాజు! బొమ్మ నాది, రాసుకోండి సార్." నలభై ఏళ్ళుగా పెద్దమనిషిగా తిరిగినవాడికి రాజును చూడగానే సొంతవాళ్ళు కనిపించినట్టు ఉంటుంది కాబోలు.

"అయితే బొరుసు నాది" అంది పైడమ్మ.

అప్పుడు సన్యాసమ్మ, ఏ దురుద్దేశమూ లేకుండా, గుమ్మంలోంచి అంది. "మూన్నాళ్ళ కిందట తవిటయ్య నుదుట ఉన్నదే అది. సుబ్బరంగా కడిగేనులే, బయపడకు."

లక్షుంనాయుడు నన్ను నిప్పు కణికలా బల్ల మీద పడేసి, చేతిని కండువాకు రుద్దుకున్నాడు. "శవాల రూపాయా! ముందే సెప్పొద్దేటి ముసలీ?"

"మీ అయ్యకీ ఇదే ఎట్టేరు కదా బావా" అంది పైడమ్మ. "ఆయేల దండం కూడా ఎట్టేవు."

జనం మళ్ళీ నవ్వారు. అతను నవ్వలేదు. సన్యాసమ్మ వైపు తిరిగాడు. "అత్తా, ఏ పక్క శవానికి ఆనుతాది?"

"రాజు మొగమే. అంకె పైకి ఉండాల. రూపాయి ఎట్టేరని నలుగురికీ కనపడొద్దేటి?"

"సార్, మార్చండి. శవాల్ని ముట్టిన మొగం నాకొద్దు. బొరుసు నాది."

"ఆవిడ ఒప్పుకుంటే మారుస్తాను" అన్నాడు అధికారి.

పైడమ్మ నన్ను బల్ల మీంచి తీసుకుంది. రాజుగారి ముఖాన్ని బొటనవేలితో ఒకసారి తుడిచింది. అరిగిపోయిన ముక్కు, సగం చెరిగిన గడ్డం.

"మా అత్త నుదుటికి ఆనింది ఈ మొగమే కదా" అంది. "నాకు కావాల. రాసుకోండి."

అధికారి ఎగరేశాడు. నేను పైకి వెళ్ళాను, తిరిగాను, సిమెంటు నేల మీద పడి దొర్లి, నల్లబల్ల కాలికి తగిలి ఆగాను. రాజుగారి ముఖం పైకి ఉంది. వందేళ్ళలో మొదటిసారి గది నిండా జనం ఆ ముఖం కోసం వంగి చూశారు. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. లోహం పడేలాగే నేను పడ్డాను. ఏ రాజును పంపించెయ్యడానికి ఈ దేశంలో వేలమంది జైళ్ళకు వెళ్ళారో, ఆ రాజే జనం తరఫున ఒక సర్పంచిని ఎంచాడన్న మాట. అదీ, తనను వద్దన్నవాడిని ఓడించి.

లక్షుంనాయుడు నా వైపు వేలు చూపించాడు. "రాజు నాదని ముందు అన్నాను సార్, అందరూ విన్నారు" అన్నాడు నీరసంగా. అధికారి అప్పటికే కాగితం మీద సంతకం పెట్టేశాడు.

కల్వర్టుకు రెండేళ్ళు పట్టింది. అర్జీలు, కొలతలు, జీడితోట అంచు మీద పేచీ, మళ్ళీ అర్జీలు. చివరికి రాతిపలక పెట్టే రోజు వచ్చింది. పైడమ్మ భర్త ముచ్చటపడి, పలక మీద ఆమె బొమ్మ చెక్కిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"నా మొగం ఎందుకు? ఎంత లోతు నీళ్ళొచ్చినా తట్టుకుంటాదో ఆ లెక్క రాయించు. సదివినోడికి పనికొస్తాది."

పలక మీద నాలుగు అంకెలూ, ఒక ఏడాదీ చెక్కారు. నాకు తెలిసిన రాజులూ రాణులూ ఎవరూ ఇలాంటి మాట అనగా నేను వినలేదు. బహుశా వాళ్ళను ఎవరూ అడిగి ఉండరు.

ఆ వానాకాలంలోనే సన్యాసమ్మ పోయింది. పసుపు ముద్దతో నన్ను ఆమె నుదుటికే అంటించారు, అంకె పైకి వచ్చేలా. సన్నని జల్లు పడుతోంది. డప్పులు ముందు, పాడె వెనక. మోసేవాళ్ళలో వెనక కుడి కొమ్ము లక్షుంనాయుడిది. ఎంత పేచీ పడ్డా చావుకు రాకుండా ఉండడం ఆ ఊళ్ళో లేదు. కింద గెడ్డ రొద నాకు వినిపిస్తూనే ఉంది, రొమ్ము లోతు ఉంటుంది ఆ రోజు. కల్వర్టు మొదట్లో, ఇదివరకు గట్టు దిగే చోటికి రాగానే ముందు మోసేవాళ్ళిద్దరూ అలవాటు కొద్దీ ఆగిపోయారు. ఒక చేత్తో కొమ్ము పట్టుకుని, రెండో చేత్తో పంచెలు మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకున్నారు.

వెనక నుంచి లక్షుంనాయుడు కసిరాడు.

"పంచెలెందుకురా ఎత్తుతున్నారు? నీళ్ళు కిందనున్నాయి. నడండి!"