గోటికి తగిలిన తీగ

రెండు వేల మూడులో మాట. పలాసలో పళ్ల డాక్టరు సుచిత్ర నా కూతురు ఇవాంజెలిన్ పళ్లకు తీగ కట్టి ఎనిమిది నెలలైంది. ఎత్తుగా ఉన్న కోరపన్ను జరగలేదు. ఇంకో మూడు నెలల్లో కదలకపోతే పీకేస్తానంది. పదిహేనేళ్ల పిల్ల. నవ్వాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

డాక్టర్ల మాట నమ్మి నా భార్య మగ్దలీనను పోగొట్టుకున్నాను. ఇంకోసారి నమ్మే ఉద్దేశం లేదు. వజ్రపుకొత్తూరులో నా సైకిల్ కొట్టు మూసి, పిల్లను సైకిలు వెనక ఎక్కించుకుని పలాస పోయాను.

"నాసిరకం తీగ కట్టేసి, ఇప్పుడు పన్ను పీకుతానంటే ఊరుకుంటానేటి?" అన్నాను.

డాక్టరు కోపగించుకోలేదు. తీగ ఊడదీసి నా చేతిలో పెట్టింది. పక్కన కొత్తదొకటి పెట్టింది.

"రెండూ ఒకే పెట్టెలోవి. మీరే చూడండి."

గోటితో గీసి చూశాను. బ్రేకు తీగను చూసేదీ అలాగే. కొత్తది జారిపోయింది. పాతది గోటికి తగులుతూ వచ్చింది.

"పన్ను ఈ తీగ మీద జారుతూ రావాలి. గరుకైతే పట్టేస్తుంది," అంది డాక్టరు. "దేంతో తోముతున్నావమ్మా?"

ఇవాంజెలిన్ నా వైపు చూసింది.

"సెప్పేయనా, నానా?"

"సెప్పు."

"కొబ్బరి పీచుతో, ఇసక కలిపిన బూడిదతో. గిన్నెలు తోమినట్టే. తీగ తళతళలాడాలని నానే దగ్గరుండి తోమించినాడు."

మగ్దలీన గిన్నెలు అలాగే తోమేది. తుప్పు వదలాలని బ్రేకు తీగను గరుకు కాగితంతో రుద్ది తెచ్చేవాళ్లను నేను తిట్టని రోజు లేదు. గొట్టంలో పట్టేస్తుందని వాళ్లకు చెప్పే నేనే పిల్ల చేతిలో బూడిద పోశాను.

"కొత్త తీగ కట్టండి. ఇకనుంచి మెత్తటి బ్రష్షే," అన్నాను.

తిరిగొస్తుంటే సైకిలు వెనకనుంచి పిల్ల అడిగింది.

"తీగ రుద్దినోడిని బుర్ర లేదేట్రా అంటావు గదా, నానా. మరి నిన్నేటనాలి?"

"అదే అను."

"బుర్ర లేదేటి, నానా?"

నేను తొక్కుతూనే ఉన్నాను.

ఇంటికెళ్లి బూడిద కుండ పగలగొట్టాను. రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని తోమించాను. ఆదివారం చర్చికి ఆలస్యమైనా వదల్లేదు. మూడో నెల డాక్టరు కొలిచి, "జరిగింది. పీకక్కర్లేదు," అంది. ఇవాంజెలిన్ చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.

ఆ పాత తీగ కొట్లో మేకుకు తగిలించాను. బ్రేకు తీగ రుద్ది తెచ్చినవాడు ఎదురుగా నిలబడితే ముందు ఆ పళ్ల తీగను ఓసారి గోటితో గీస్తాను. ఆ తర్వాతే వాణ్ణి తిడతాను.