చౌడమ్మ ఇంటి చదువు

బంట్రోతు అంకప్ప వాకిట్లో నిలబడి దగ్గేసరికి చౌడమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఏళ్ల తరబడి నూలు ఒరుసుకుని ఆమె బొటనవేలి సందు కాయ కాచింది. మొగుడు మగ్గం గుంటలోనే దగ్గి దగ్గి పోయాక ఆమెకు మిగిలింది ఈ రాట్నం, తొమ్మిదేళ్ల రాజాంబాళ్. పిల్లకు పుట్టుచెవుడు. మాట లేదు.

గుడియాత్తంలో ఆ ఏడు పిల్లలంతా బడికి పోవాలని ఉత్తర్వు వచ్చింది. ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నామన్న వాళ్లను సర్కారు మనిషి వచ్చి పరీక్షిస్తాడు. బడిలో చెవిటిదాన్ని ఏడిపిస్తారని భయపడి చౌడమ్మ కూడా ఆ మాటే చెప్పింది. ఇప్పుడు వేలూరు నుంచి వచ్చిన అధికారి నారాయణన్ తల వంచి గుడిసెలోకి దూరాడు.

“నీ పేరేమి?”

రాజాంబాళ్ అతని మీసాలు కదలడం చూసి కిలకిల నవ్వింది.

“దానికి వినబడదు సామీ. నా చేతులు చూస్తే అన్నీ తెలుసుకుంటాది,” అంది చౌడమ్మ.

“ఏం చదువు చెప్పినావో చూపించు.”

చౌడమ్మ చెయ్యి ఆడించింది. పిల్ల ఎర్ర నూలు తెచ్చింది. తెగిన పోగు ముడేసింది. పక్కింటి ముసలామె కుంటుతూ ఎలా నడుస్తుందో నడిచి చూపింది. ఆ సైగల్లో తల్లి నేర్పినవి కొన్ని, పిల్ల తల్లికి నేర్పినవి కొన్ని. ఊళ్లో ఇంకెవరికీ అవి తెలియవు.

“ఇది పడిప్పా, ఇదీ ఒక చదువేనా? కోతినాడించేవాడు కూడా ఇంత నేర్పుతాడు,” అన్నాడు నారాయణన్. ఇలాంటి పిల్లల్ని వేలూరులో ఒక ఆశ్రమంలో ఉంచుతారని, ఇప్పుడే బండెక్కించమని అంకప్పతో చెప్పి బయటికి పోయాడు.

“మళ్లా యెప్పుడు పంపిస్తారు నాయనా?”

“దీపావళికి పోయి చూసి రావచ్చునమ్మా. అది ఏడ్చిందంటే కాళ్లు చేతులు పట్టి ఎక్కిస్తారు. నువ్వే మంచిగా చెప్పు.”

చౌడమ్మ కూతురి ఎదుట చతికిలబడింది. బడి అని చెప్పడానికి వాళ్ల మధ్య సైగ లేదు. విడిచి ఉండటం అని చెప్పడానికీ లేదు. ఎన్నడూ అవసరం రాలేదు. రెండు చేతులూ ఎత్తి తలపై గోపురంలా చేర్చింది. అంటే విరించిపురం గుడి. నిరుడు అక్కడ పిల్ల పాలారు ఏటి ఇసుకలో పొద్దుగూకేదాకా ఆడింది. నువ్వు ముందు పో, నేను వెనకే వస్తా, అని వేళ్లతో చెప్పింది. ఆ చేతులు అబద్ధమాడటం అదే మొదలు.

రాజాంబాళ్ పరుగున పోయి తనే బండెక్కింది. వీధి మలుపు తిరిగేదాకా తలపై చేతులు చేర్చి నవ్వుతూనే ఉంది.

దీపావళికి చౌడమ్మ బొరుగుండలు మూటకట్టుకుని వేలూరు పోయింది. ఆయా పిల్లను వసారాలోకి తెచ్చి నిలబెట్టింది. జుట్టు కత్తిరించేశారు. మెడ ఎముకలు తేలాయి. తల్లి చేతులెత్తింది.

రాజాంబాళ్ ఆ చేతులకేసి ఒక్కసారి చూసి, గట్టిగా కళ్లు మూసుకుంది.

చౌడమ్మ పిల్ల గడ్డం పట్టుకుంది. భుజాలు కుదిపింది. కాళ్ల మీద పడింది. ఆ కళ్లు తెరిస్తే తప్ప కూతురికి ఒక్క మాట చెప్పే దారి లేదు. ఆయా రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయేదాకా పిల్ల కళ్లు తెరవలేదు.

వసారా మెట్టు మీద బొరుగుండల మూట ముడి విప్పకుండానే ఉండిపోయింది. ఎండకు బెల్లం కరిగి గుడ్డలోంచి ఊరుతుంటే చీమలు దాని చుట్టూ చేరుతున్నాయి.