పాండురంగ నామ మహిమ

హనుమకొండలో కవిశేఖర పాండురంగం గారి ఇంట ఆయన పేరు లేని వస్తువు లేదు. గేటు మీద ఉంది, గొడుగు పిడి మీద ఉంది, సైకిలు మడ్‌గార్డు మీద ఉంది. స్టీలు సామాను సమస్తం మీద చెక్కించినదే. ఆఖరుకు తెల్లవారుజామున పెరట్లోకి పట్టుకుపోయే చెంబు మీద సైతం ‘కవిశేఖర’ అన్న బిరుదుతో సహా ఆ నామధేయం సూర్యోదయానికి ముందే ప్రకాశించేది. ఆ బిరుదును ప్రసాదించినదెవరని అడిగితే ఆయన వినయంగా మౌనం వహించేవారు. ఇచ్చినవారి పేరు చెబితే ఆత్మస్తుతి అవుతుంది కదా.

హసన్‌పర్తి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులైన ఆ మహనీయుని పేరు ఎక్కని చోటు భూమండలంలో ఒక్కటే మిగిలింది. అది ఆయన ధర్మపత్ని భద్రమ్మ నాలుక.

ములుగు దిక్కు పల్లెలో పుట్టిన భద్రమ్మకు మగని పేరు తీస్తే అతని ఆయుష్షు తరుగుతుందని వాళ్ల అవ్వ చెప్పి ఉంది. పెండ్లినాడు గుమ్మంలో ఆడబిడ్డ అడ్డం నిలిచి ‘పేరు చెప్పి లోపలికి రా’ అంటే, భద్రమ్మ పెదవి విప్పకుండా అక్కడే నిలబడింది. లోపల అన్నం చల్లారిపోతూ ఉండగా ఆకలికి ఓర్వలేక ఆడబిడ్డే తప్పుకున్నది. నాటినుంచీ భద్రమ్మకు ఆయన ఎదుట ‘ఇగో’, పదిమందిలో ‘మా ఇంటాయన’. భజనలో వీధి వీధంతా పాండురంగ విఠలా అని గొంతెత్తితే, ఆమె మొదటి మాట మింగి విఠలుని మాత్రమే పిలిచేది. ఒకసారి జనాభా లెక్కలు వ్రాసుకొనే ఉద్యోగి వచ్చి ఇంటి యజమాని పేరు అడిగాడు. ఆమె పెరట్లోకి పోయి చెంబు తెచ్చి అతని ముందు పెట్టింది. భారత ప్రభుత్వం వారి కాగితాలలోకి మహాకవి నామం ఆ ద్వారాన ప్రవేశించింది.

ఇట్లుండగా పాండురంగం గారు దాంపత్య మాధుర్యం మీద తొమ్మిది ఆశ్వాసాల కావ్యం పూర్తి చేశారు. అది వ్రాసినన్నాళ్లూ భార్యతో మాట్లాడింది తక్కువ. మహాకార్యాలకు ఏకాంతం అవసరం. ఆ కావ్యానికి మెచ్చి, బియ్యం మిల్లు యజమాని, స్థానిక రసిక సంఘాధ్యక్షుడు అయిన కిషన్ రావు సన్మానం తలపెట్టాడు. అతనికి సాహిత్యంలో పెండ్లి ముచ్చట తప్ప తక్కినది పట్టదు. అందుచేత ఆ సంఘంలో ఒక కట్టుబాటు స్థిరపడింది. సన్మానితుని భార్య మైకు ముందు మగని పేరు చెప్పాలి. చెప్పినాకే శాలువా.

శాలువాలు పాండురంగం గారి బీరువాలో చాలినన్ని ఉన్నాయి. ఆయన గుండె లాగింది పేరు దగ్గర. లోకమంతా చదివిన ఆ నాలుగక్షరాలను తన ఇల్లాలి నోట ఒక్కసారి వినాలన్నది ఎవరికీ చెప్పుకోలేని కోరిక.

“ఇగో భద్రా, ఆదివారం మీటింగుల మైకు ముందల నా పేరు ఒక్కపారి చెప్పాలె” అన్నారు, అన్నం కలుపుతూ.

“ఎందుకు, వచ్చేటోళ్లకు తెల్వదా?”

“తెలుసు. నీ నోట రావాలె.”

“నేను తీస్తే నీ ఆయుష్షు తగ్గుతది. మా అవ్వ చెప్పింది.”

“మీ అవ్వ ఎన్నడన్న మీ తాత పేరు తీసిందా? మరి గాయన నడీడుల ఎట్ల పోయిండు?”

“పక్కింటామె తీసిందట” అన్నది భద్రమ్మ, చారు వడ్డిస్తూ.

తర్కశాస్త్రం ఎరిగిన పండితులు ఆ శాస్త్రాన్ని కంచం పక్కన పెట్టారు. ఆయన మార్గం మార్చి విజ్ఞానశాస్త్ర పురోగతిని, ఉపగ్రహాలను, మానవుడు చంద్రుని మీద కాలు మోపిన ఉదంతాన్ని ఏకరువు పెట్టారు. చంద్రుని దాకా విన్న భద్రమ్మ కంచం తీసి లేచింది.

“సరే తియ్యి, చెప్త. నువ్వే అడిగినవు. రేపు ఏమన్న అయితె నన్ను అనొద్దు.”

ఆ చివరి మాట ఆయన చెవిలో చిన్న చీమలా దూరి, బయటికి రావడం మరచింది.

ఆదివారం సాయంత్రం సభ. ముందుగా మిరపకాయ బజ్జీలు. తరువాత మూఢవిశ్వాసాల మీద కవిగారి మహోపన్యాసం. పామరుల భయాలను ఆయన ఎంత చక్కగా చెండాడారంటే, సభలో తావీజు కట్టుకున్నవారు చొక్కా చేతులు కిందికి లాక్కున్నారు. అప్పుడు కిషన్ రావు మైకును భద్రమ్మ వైపు తిప్పాడు.

“వదినె, ఇగ నీ వంతు.”

భద్రమ్మ కొంగు సవరించుకొని మగని వైపు చూసింది. కాజీపేట స్టేషనులో దూరప్రయాణం పోయేవారిని చూసే చూపు అది. ఆమె పెదవులు కలిశాయి. ‘పా’ అన్న ధ్వని మైకులో పడింది. సరిగ్గా అదే లిప్తలో కవిగారి ఎడమ ఛాతీలో ఒక బజ్జీ కదిలింది.

“వద్దు” అన్నారు ఆయన, రెండు చేతులతో మైకు మూసి.

“అదేంది సార్, ఇందాక నమ్మకాలన్ని ఉత్తయే అంటిరి గద” అన్నాడు కిషన్ రావు.

“అది సిద్ధాంతం” అన్నారు పాండురంగం గారు, చెమట తుడుచుకుంటూ. “సహధర్మచారిణి మనోభావాలను గౌరవించడం ఆచరణ.”

చప్పట్లు మోగాయి. కాని కిషన్ రావు మిల్లు నడిపే మనిషి, తూకంలో తేడా ఒప్పడు.

“పేరు లేకపాయె, శాలువ ఎట్లిస్తం? పానం కాపాడింది మా వదినె. శాలువ ఆమెకే” అని భద్రమ్మ భుజాల మీద కప్పాడు.

ఇంటికి తిరుగుదారిలో, ఫకీర్ మహమ్మద్ తొక్కే రిక్షాలో, ఆమె శాలువాతోను ఆయన ఛాతీ మీద చేయితోను కూర్చున్నారు.

“భయపడ్డవా?” అన్నది భద్రమ్మ.

“నాకెందుకు భయం? బజ్జీలు పడలే.”

“ఫికర్ చెయ్యకు. నేను దినాం తీస్తనే ఉంట నీ పేరు. రోట్ల పచ్చడి నూరేటప్పుడు. పెండ్లైన కాన్నుంచి తీస్తున్న, నీకేమన్న అయిందా? గుండ్రాయి లెక్క ఉన్నవు.”

ఫకీర్ మహమ్మద్ పెడల్ తొక్కడం మందగించింది.

“మరి నా ఎదురుంగ ఎందుకు తియ్యవు?”

“ఉత్త పేరే రాదు. దాని ఎనుక శానా వస్తయి. అయి మైకుల చెప్పేటియి కావు.”

“అవునమ్మా, మా ఇంట్ల గూడ గదే కథ” అన్నాడు ఫకీర్ మహమ్మద్, వెనుదిరగకుండా.

“నువ్వు ముందల చూసి తొక్కు భయ్యా” అన్నది ఆమె.

“ఇప్పుడు తియ్యి. ఒక్కపారి” అన్నారు పాండురంగం గారు. ఆ గొంతులో కవిశేఖరుడు లేడు.

“ఇప్పుడు కోపం లేదు గద” అన్నది భద్రమ్మ, నిజంగానే విచారిస్తూ.

రిక్షా చౌరస్తా చేరింది. నవరసాలను తొమ్మిది ఆశ్వాసాలలో పోషించిన మహాకవి, ఆ నామానికి ఆలంబనం రౌద్రమొక్కటేనని గ్రహించి, ఛాతీ నిమురుకొని, సాహిత్యచరిత్రలో ఏ కవీ చేయని సాహసానికి పూనుకొన్నారు.

“భద్రా, ఏమన్న అను. మా అమ్మ పచ్చిపులుసు ముందల నీ పచ్చిపులుసు కుడితి నీళ్లే.”

ఫకీర్ మహమ్మద్ బ్రేకు వేశాడు.

వచ్చింది. నాలుగక్షరాలూ పొల్లుపోకుండా, పాన్‌డబ్బాల దాకా వినబడేటట్లు వచ్చింది. వెనువెంట అత్తగారు, ఆమె పచ్చిపులుసు, తొమ్మిది ఆశ్వాసాలు, చెంబు వరుసగా వచ్చాయి. బస్సు కోసం నిలబడ్డవాళ్లు బస్సును వదిలేసి చూశారు.

పాండురంగం గారు చెయ్యి ఛాతీ మీద అదిమి పరీక్షించుకున్నారు. కొట్టుకుంటోంది.

“ఇంకొక్కపారి అను” అన్నారు.