వట్టి చేతులతో పంపకూడదు

ఊరిని ముట్టడించిన కల్దీయుల సైన్యం గుడారాలు పీక్కుని వెళ్ళిపోయిన నాలుగో రోజుకు అజూబా చేతులు రెండూ బొబ్బలెక్కాయి. యెరూషలేము మొత్తం మిద్దెల మీదికెక్కి పాటలు పాడుతుంటే, ఆవిడ మాత్రం ఇంట్లో తిరుగలి ముందు కూర్చుని, పిడి పట్టుకున్నప్పుడల్లా "అబ్బా" అనుకుంటోంది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంటికి పిండి విసిరింది హొగ్లా. హొగ్లా ఇప్పుడు దాసి కాదు. నలభై రోజుల కిందటే విడుదలైపోయింది.

ఆ విడుదల సంగతి చెప్పాలంటే కొంచెం సిగ్గు విడిచే చెప్పాలి. శత్రువు గోడల చుట్టూ దిబ్బలు పోస్తున్న రోజుల్లో రాజుగారికీ పెద్దలకూ ఉన్నట్టుండి ధర్మశాస్త్రం గుర్తొచ్చింది. హెబ్రీయుణ్ణి హెబ్రీయుడు ఆరేళ్ళకు మించి దాస్యంలో ఉంచుకోకూడదు. ఏడో ఏట వదిలెయ్యాలి. వదిలేటప్పుడు వట్టి చేతులతో పంపకూడదు, మందలోంచీ కళ్ళంలోంచీ ద్రాక్షగానుగలోంచీ తీసి ఇవ్వాలి. మనమూ ఒకప్పుడు ఐగుప్తులో దాసులమే కాబట్టి, విడిపించి తన జనంగా ఏరుకున్న దేవుడు మనకు పెట్టిన షరతు అది. ఊళ్ళో అందరికీ కంఠస్థమే, పాటించిన ఇల్లు మాత్రం వెతుక్కోవాలి. హొగ్లాను కరువు ఏడాదిలో తెకోవ అనే పల్లె నుంచి తండ్రి తెచ్చి అమ్మాడు. ఆరేళ్ళు నిండాయి. ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు గడిచాయి. అజూబా గమనించనట్టు ఊరుకుంది, హొగ్లా అడగలేదు.

ప్రాణం మీదికి వచ్చాక అందరూ మందిరానికి పరిగెత్తారు. దూడను రెండుగా నరికి, ఆ ముక్కల మధ్యగా నడిచి, మాట తప్పితే మా గతీ ఇంతేనని ఒట్టు పెట్టారు. అజూబా భర్త షెమర్యా కూడా నడిచాడు. ఇంటికొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు కడుక్కుంటూ, "హొగ్లా, ఇక నువ్వు వెళ్ళొచ్చు" అన్నాడు. అజూబాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. పూటకో రొట్టె మిగులుతుందన్న ఆలోచన కూడా వచ్చింది గానీ, దాన్ని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ముట్టడి రోజుల్లో ఇవ్వడానికి ఏముంటుందిలే అనుకుని, ఒక పాత శాలువా కప్పి పంపేసింది.

ఇప్పుడు ముట్టడి లేదు. ఐగుప్తు సైన్యం వస్తోందని తెలిసి కల్దీయులు అటు మళ్ళారు. భయం పోయింది, దాంతో భక్తి కూడా పోయింది.

"నువ్వింకా నీ చేత్తోనే విసురుకుంటున్నావా?" అని పక్క మిద్దె మీంచి పొరుగింటి మాకా వంగి చూసింది. "మా దాసీలిద్దర్నీ నిన్ననే తెచ్చేసుకున్నాం. ఒకత్తి ఏడ్చిందిలే కాసేపు."

"ఒట్టు పెట్టారు కదా, వదినా?"

"నేను పెట్టానా? మా ఆయన పెట్టాడు. ఆయన్నడిగితే రాజుగారు పెట్టించారంటాడు. రాజుగారి గుమ్మంలో ఊడ్చేవాళ్ళు కూడా తిరిగొచ్చేశారు, వెళ్ళి చూసుకో!"

ఆ సాయంత్రం షెమర్యా రొట్టె తుంచబోయి, తుంచలేక, పళ్ళెంలో పడేశాడు. "ఇది రొట్టెనా, గోడలో పెట్టే ఇటుకా? చూడవే, దేవుడు మనల్ని వదల్లేదు. భూమ్మీద ఇన్ని జనాలుండగా మనల్నే ఎందుకు ఏరుకున్నాడు మరి? కత్తి దూయకుండానే శత్రువు పోయాడు. ఇంక మన ఇల్లు మనం చక్కదిద్దుకోవాలి. రేపు వెళ్ళి దాన్ని తీసుకురా. నేను వెళ్తే గొడవవుతుంది."

అజూబా కాదనలేదు. అరచేతులు చూసుకుంది, ఔనంది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ దిగువ పేటకు వెళ్ళింది. హొగ్లా అక్కడ ఒక ముసలి నేతగత్తె ఇంట్లో తలదాచుకుంటోంది. దారి పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూనే వెళ్ళింది. గట్టిగా చెప్పాలా, బతిమాలాలా అన్నది తేలకముందే తలుపు తీసుకుని హొగ్లా ఎదురొచ్చింది.

"అక్కా! వచ్చావా! నేను అనుకుంటూనే ఉన్నా." తొమ్మిదేళ్ళలో ఎన్నడూ "అమ్మగారూ" తప్ప అనని మనిషి, అలవాటున్నదానిలా అక్కా అనేసింది. చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది, కుండలోంచి చల్లటి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "రేపు తెల్లారగానే తెకోవవాళ్ళు పన్నెండుమంది బయల్దేరుతున్నారు, నేనూ వెళ్తున్నా. మా అమ్మ ఇంకా బతికే ఉందట! చూపు ఆనడం లేదట గానీ, బతికే ఉంది." మగ్గం దగ్గరున్న ముసలామె వైపు తిరిగింది. "చూశావా, పిన్నీ? నేను చెప్పలేదూ? మా అక్క నన్ను వట్టి చేతులతో పంపే మనిషి కాదు, ముట్టడి వల్ల ఇవ్వలేకపోయిందంతే, వెళ్ళేలోపు తనే వస్తుందని!"

హొగ్లా నవ్వుతూ పైబట్ట విప్పి, కొంగు రెండు చేతులా పట్టుకుని, ఆవిడ ముందు చాచింది.

అజూబాకు తల కొట్టేసినట్టయింది. ఇవ్వడానికి వచ్చిందనుకుంటున్నారు తనని.

"చేతుల్లో ఏమీ కనబడదేం మరి?" అంది ముసలామె, కండె ఆపకుండానే.

అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. నిన్ను మళ్ళీ పనికి తీసుకెళ్ళడానికి వచ్చానే అని ఒక్క మాట అంటే అయిపోయేది. హొగ్లా ఏడ్చేది, ముసలామె నాలుగు తిట్లు తిట్టేది. ఆ నాలుగు తిట్లు పడటానికి మనసొప్పక అజూబా నోట అబద్ధం వచ్చింది. "బరువు కదా, మోసుకురాలేకపోయాను. మూట కట్టి ఉంచాను, ఇంటికి రా."

"పద, పద" అని హొగ్లా అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

దారంతా హొగ్లా మాట్లాడుతూనే ఉంది. గోధుమలైతే చాలునట, నూనె కూడా ఉంటే వాళ్ళమ్మ కళ్ళకు రాస్తుందట. పళ్ళెక్కువ పెట్టొద్దు, దారిలో నలిగిపోతాయట. సంత మలుపులో ఒకాయన ఒక ఆడమనిషిని మణికట్టు పట్టుకుని లాక్కెళ్తున్నాడు. ఆ మనిషి నేల చూస్తూ నడుస్తోంది. హొగ్లా ఆగిపోయింది.

"పాపం, చూడక్కా! ఒట్టు పెట్టి మరీ... వాళ్ళకు దేవుడి భయం లేదా?"

"లేదు కాబోలు" అంది అజూబా. నడక తొందర చేసింది.

లోపలికి అడుగుపెట్టగానే వెనక షెమర్యా గడియ వేశాడు. హొగ్లా అది పట్టించుకోలేదు. గది నాలుగు మూలలూ చూసింది. "మూట ఏదక్కా?" అంది. తర్వాత గడియ వైపు చూసింది, షెమర్యా ముఖం చూసింది. చివరికి అజూబాను చూసింది.

"నిజం చెప్పి లాక్కొచ్చినా బాగుండేదమ్మగారూ. దారంతా మిమ్మల్ని పొగుడుకుంటూ వచ్చాను."

"ఏం, ఈ ఇంట్లో నీకు తిండి పెట్టలేదా?" అన్నాడు షెమర్యా. "అన్యజనుల ఇంట్లో పడ్డావా ఏమన్నా? దేవుడు ఏరుకున్న జనంలో ఉన్నావు."

"నేనూ ఆ జనంలోదాన్నే కదయ్యగారూ. మీ తాతలు ఐగుప్తు నుంచి సముద్రం దాటిన రోజున మా తాతలు వేరే దారిన వచ్చారా?"

షెమర్యా గొంతు పెంచాడు. "నోర్మూసుకుని పని చూడు!"

తెల్లవారుజామున ముసలి నేతగత్తె చెప్పగా వెతుక్కుంటూ వచ్చిన తెకోవవాళ్ళు వీధిలో నిలబడి "హొగ్లా! హొగ్లా!" అని మూడుసార్లు పిలిచారు. లోపల తిరుగలి ఆగింది. షెమర్యా గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. బయట కాసేపు ఏవో మాటలు వినిపించాయి, తర్వాత గాడిదల గిట్టల చప్పుడు దూరమైంది. తిరుగలి మళ్ళీ మొదలైంది. పక్క గదిలో పడుకున్న అజూబా దుప్పటి తలమీదికి లాక్కుంది. లేచి ఆ గడియ తీయడానికి ఆవిడకు పది అడుగులు కూడా లేవు.

ఆ రోజు నుంచి రొట్టెలు మెత్తగా వచ్చాయి. షెమర్యా లొట్టలేసుకుంటూ తిన్నాడు. అజూబాకు ముద్ద దిగలేదు. హొగ్లా అలిగి మూల కూర్చున్నా, పాలు విరగ్గొట్టినా కొంత ఊరటగా ఉండేది. అలాంటిదేమీ లేదు. చెప్పిన పనల్లా శుభ్రంగా చేసేది, అడిగినదానికి "అలాగేనమ్మగారూ" అనేది. ఆ గదిలోకి వెళ్ళాలంటే అజూబాకు ముఖం చెల్లేది కాదు. తన ఇంట్లో తనే గోడ వారగా నడవడం నేర్చుకుంది.

వారం తిరిగేసరికి షెమర్యా సంత నుంచి నవ్వుకుంటూ వచ్చాడు. "విన్నావా, ఊరు నాశనమైపోతుందని అరుస్తుంటాడే, ఆ ప్రవక్త మళ్ళీ మొదలుపెట్టాడు. దాసులకిచ్చిన విడుదల మనం వెనక్కి తీసుకున్నాం కాబట్టి, ఇప్పుడు దేవుడు మనకే విడుదల ఇస్తాడట. దేన్నుంచో తెలుసా? తన కాపుదల నుంచి! నరికిన దూడ మధ్యగా నడిచామే, మన గతీ ఆ దూడ గతేనట. ఆయనకు ఎప్పుడూ ఏడుపే."

అజూబా నవ్వలేదు. లేచి గోధుమలు కొలిచింది. నూనె కూజా మూతికి మైనం పెట్టింది. ఎండు ద్రాక్ష, చిన్న తిత్తిలో ద్రాక్షారసం తెచ్చి, అన్నీ దుప్పట్లో మూట కట్టింది.

"ఏంటది? పిచ్చా నీకు?" అన్నాడు షెమర్యా. "ఊరంతా తెచ్చుకున్నారు, మనమొక్కళ్ళమేనా?"

"ఊరంతా తెచ్చుకున్నారు. మూట ఇస్తానని అబద్ధమాడి తెచ్చింది నేనొక్కదాన్నే. అడ్డం లేవండి."

ఆవిడ ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. ఆశ్చర్యంతోనే ఆయన పక్కకు జరిగాడు.

హొగ్లా మూట అందుకోబోతే అజూబా ఇవ్వలేదు, తన నెత్తినే పెట్టుకుంది. వీధిలోకి రాగానే మిద్దె మీంచి మాకా కేకేసింది. "ఇదేం వింతే అజూబా! దాసి చేతులూపుకుంటూ పోతోంది, నువ్వు బరువు మోస్తున్నావు!"

"నా మూట కాదు వదినా, దానిది" అంది అజూబా, తలెత్తకుండానే. మెడ నొప్పి పుట్టింది. ఇంకొంచెం నొప్పి పుడితే బాగుండుననిపించింది.

సగం దూరం హొగ్లా ఏమీ నమ్మనట్టు నాలుగడుగులు వెనకే నడిచింది. దక్షిణ ద్వారం దగ్గరపడే కొద్దీ పక్కకు వచ్చింది. చివరికి నోరు విప్పింది. "చూపు ఆనడం లేదంటే... గొంతు విని గుర్తుపడుతుందంటారా మా అమ్మ?"

"పడుతుంది" అంది అజూబా. "ఎందుకు పట్టదు?" వారం రోజుల్లో మొదటిసారి ఆవిడకు ఊపిరి తేలిగ్గా ఆడింది.

ద్వారం దగ్గర జనం క్రిక్కిరిసి ఉన్నారు. బయటి పల్లెలవాళ్ళు మేకలతో, పిల్లలతో లోపలికి తోసుకొస్తున్నారు. ఆఖరివాళ్ళు లోపల పడగానే కావలివాళ్ళు తలుపులు మూసి, అడ్డగడియలు దించారు. కల్దీయులు తిరిగొస్తున్నారని, పడమట కొండల వెంట ధూళి లేచిందని మనుషులు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఒక ముసలాయన అక్కడే కూలబడి ఏడుస్తున్నాడు.

అజూబా మూటతోనే జనాన్ని తోసుకుంటూ వెళ్ళి కావలివాడి చెయ్యి పట్టుకుంది. "ఒక్క మనిషిని బాబూ! ఒక్క మనిషిని బయటికి పంపించు. ఇటు తెకోవ దారిలో ఇంకా ఎవరూ లేరు కదా, పరిగెత్తి వెళ్ళిపోతుంది."

"రాజాజ్ఞ అమ్మా. ఇక చీమ కూడా బయటికి పోదు."

"తల్లి ఎదురుచూస్తోందయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

కావలివాడు హొగ్లాను చూశాడు. "ఎవరావిడ? నీకేమవుతుంది?"

"నా చెల్లెలు."

అతనికి కోపమేమీ లేదు. పొద్దుటినుంచీ అరిచి అరిచి గొంతు పోయిన మనిషి, త్వరగా ఇంటికి పంపించేద్దామని మామూలుగానే అన్నాడు. "చెల్లెలైతే ఇన్నాళ్ళూ ఎందుకు ఆపావమ్మా? నిన్నటిదాకా ఈ తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి కదా!"