కాళ్లు కనబడే ఫోటో

ఇంగ్లండ్ నుంచి వచ్చిన నలుగురు వలంటీర్లు పొద్దున్నుంచీ బూట్లతోనే చర్చిలో తిరుగుతున్నారు. అతిథులు కదా అని ఎవరూ ఏమీ అనలేదు. బూట్లు బయట విప్పాలని ఇంగ్లీషులో చెప్పగలిగేది కృపాకుమారి ఒక్కతే. కానీ వ్యాన్ దిగీ దిగగానే దండలు, టీలు, పాస్టర్ ఆనంద్ గారి ముప్పావుగంట ప్రార్థన. వీటి మధ్య ఆమెకి సందు దొరకలేదు. ఇప్పుడు చెబితే, పొద్దున్నే ఎందుకు చెప్పలేదంటారు.

తమాషా ఏమిటంటే వాళ్లు తెచ్చినవీ చెప్పులే. షుగరుతో కాళ్లు చెడినవాళ్లకి క్రిస్మస్ కానుకగా మెత్తటి చెప్పులు, ముప్పై ఒక్క జత. అక్టోబరులో కొలతలు తీసింది కృపాకుమారి. ఒక్కొక్కరి పాదం పక్కన చీపురు పుల్ల పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా విరిచి, పుల్లకి పేరు చీటీ కట్టి, ఇంటికెళ్లి స్కేలు మీద చూసి పంపింది. ఆ పుల్లల కట్ట ఫోటో వాళ్లకి తెగ నచ్చేసి, వాళ్ల చర్చి పత్రికలో వేసుకున్నారట.

చిక్కంతా యాప్‌తో వచ్చింది. అది రాసిందీ ఆమే. అనంతపురంలో బీటెక్ చదివి, ఇంట్లోంచే బెంగళూరు కంపెనీకి పనిచేస్తూ, ఆదివారాలు ఖాళీగానే ఉంటానని పాస్టర్ గారి దగ్గర నోరు జారిన పాపానికి. పోయినేడు పంచిన దుప్పట్లు కొన్ని సంతలో తేలడంతో ఇంగ్లండ్ ఆఫీసు ఈసారి షరతు పెట్టింది. ముఖమూ, చెప్పులు తొడుక్కున్న కాళ్లూ కనబడేలా చర్చిలో ఫోటో దిగాలి. ఫోటో లేని జత నాలుగింటికి వ్యాన్‌లో వెనక్కి పోతుంది. చర్చికి పది మీటర్లు దాటితే ఫోటో తీసుకోకుండా కృపాకుమారి యాప్‌కి తాళం కూడా వేసింది. ఆఫీసువాళ్లు మెచ్చుకున్నారు. ఆమె కూడా తనని తాను మెచ్చుకుంది.

చెప్పులతో చర్చిలోకి ఎవరొస్తారన్నది మాత్రం తట్టలేదు. పుట్టినప్పటి నుంచి గేటు దగ్గర చెప్పులు విడిచిన పిల్ల, లాప్‌టాప్ ముందు కూర్చోగానే ఇంకేదో దేశపు మనిషైపోయింది.

ముప్పై మంది సణుక్కుంటూనే లోపల తొడుక్కుని, దేవుణ్ణి క్షమించమని ఫోటో దిగారు. ఈరన్నయితే అడుగు నేలకి తగలకుండా కాళ్లు గాల్లోకి ఎత్తి కూర్చున్నాడు. నల్లమ్మ ఒక్కతే గేటు దాటలేదు.

అందరికన్నా అవసరం ఆమెకే. పాత హవాయి చెప్పులు ఎండాకాలంలోనే తెగిపోయాయి. ఎడమ బొటనవేలి కింద పుండు. ముల్లు దిగినా నొప్పి తెలియదు. ఇంకొకటి దిగితే వేలు తీసేయాల్సిందేనని కళ్యాణదుర్గంలో డాక్టరు చెప్పాడు.

"ఒక్క నిమిషం అవ్వా. తొడుక్కో, ఫోటో దిగు, ఇడిసేయ్."

"దేవుని ముందరా? నేను రానుమ్మే."

"వాళ్లు బూట్లేసుకునే తిరుగుతాండారు కదా."

"వాళ్లకి చెప్పినోళ్లు లేరు. నాకు మా నాయన చెప్పినాడు."

కృపాకుమారికి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

పాస్టర్ గారు వచ్చి, దేవుడు చూసేది హృదయాన్ని, కాళ్లని కాదని నచ్చజెప్పాడు. అయితే ఆ హృదయానికే ఫోటో తీసుకొమ్మంది నల్లమ్మ. వలంటీర్ల పెద్ద హెలెన్, అవ్వకి రంగు నచ్చలేదేమోనని ఇంకో జత పట్టుకొచ్చింది. కృపాకుమారి చివరికి బూట్ల సంగతితో సహా అంతా చెప్పేసింది. హెలెన్ ముఖం ఎర్రబడింది. అక్కడికక్కడే బూట్లు విప్పి, సాక్సులతో మట్టిలో నిలబడి సారీల మీద సారీలు చెప్పింది. షరతు మార్చడం మాత్రం తన చేతిలో లేదు, ఆఫీసు సోమవారం దాకా తెరవరు అంది.

మూడున్నరయింది. డ్రైవరు అట్టపెట్టెలు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాడు.

కృపాకుమారి అవ్వని గేటు బయట బండ మీద కూర్చోబెట్టి, తనే చెప్పులు తొడిగి, ఫోన్ ఎత్తింది. మీరు చర్చికి ముప్పై రెండు మీటర్ల దూరంలో ఉన్నారు అంది యాప్. ఆ వాక్యం కూడా ఆమె రాసిందే. పళ్లు నూరుకుంటూ లాప్‌టాప్ తెరిచింది. అవ్వ చర్చి దగ్గరికి రాదు. అయితే చర్చే అవ్వ దగ్గరికి రావాలి. మ్యాపులో చర్చి అంటే అక్షాంశం, రేఖాంశం, రెండే అంకెలు. వాటిని మార్చే అధికారం ఆఫీసుది, పాస్‌వర్డ్ కృపాకుమారిది. ఊరంతా కలిసి మూడేళ్లు రాళ్లు మోసి కట్టుకున్న చర్చిని రెండు నిమిషాల్లో గేటు బయటికి జరిపేసింది. కారణం అడిగిన చోట, మేము చెప్పులతో లోపలికి పోము, ఇది నేను ముందే చెప్పాల్సింది అని రాసి, కింద తన పేరు పెట్టింది. తనని ఉంచుతారో తీసేస్తారో ఇక వాళ్లిష్టం.

ఫోటో ఎక్కింది. వ్యాన్ వెళ్లిపోయింది.

నల్లమ్మ వెంటనే వంగి చెప్పులు విప్పింది. కొంగుతో తుడిచి, చంకలో పెట్టుకుని, కంపముళ్ల బాటలో వట్టికాళ్లతో ఇంటిదారి పట్టింది.

"అవ్వా, యాడికి? తొడుక్కో."

"కొత్తవి. పండగనాడు ఏసుకుంటా."

"పండగ కోసం కాదు, నీ వేలు కోసం ఇచ్చినారు."

"వేలు యాడికీ పోదులే."

కృపాకుమారి స్కూటీ తీసుకెళ్లి ఆమెకి అడ్డంగా ఆపింది.

"అయితే గురువారం పండగ దాకా నిన్ను నేనే మోయల్లా?"

నల్లమ్మ అప్పటికే వెనకెక్కి చెప్పులు ఒళ్లో సర్దుకుంటోంది.

"మోయి" అంది. "రేపు ఏడుకంతా రా. కంది కోతకు పోవాల."